ఎర్ర గోలీ అసలు పేరు

మా చిన్నాయన కొడుకు ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్ళాడు. వెళ్ళిన మూడో వారంలో ఒక అర్ధరాత్రి నాకు ఫోన్. "అన్నా, ఇంట్లో ఎవ్వరికీ చెప్పకు" అని మొదలుపెట్టాడు. ఇలా మొదలయ్యే ఫోన్ ఏదైనా డబ్బుల కోసమే అని నా అనుభవం. ఈసారి కాదు. యూనివర్సిటీ వాళ్ళు మన దేశం లాంటి చోట్ల నుంచి వచ్చిన స్టూడెంట్లకి టీబీ రక్తపరీక్ష చేయిస్తారు కదా, అందులో వీడికి పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అంటే రోగం లేదు, క్రిమి మాత్రం ఒంట్లో నిద్రపోతోందన్నమాట. వీడి వల్ల ఎవరికీ అంటదు. కానీ ఎప్పుడో నిద్ర లేవొచ్చు కాబట్టి ముందే మందు వాడమన్నారు. 4 నెలలు, రోజూ, ఒకటే మందు. చీటీ మీద పేరు రిఫాంపిన్.

మావాడు ఊరుకోడుగా, నెట్‌లో వెతికాడు. మన దేశం సైట్లలో టీబీ మందు అంటే రిఫాంపిసిన్ అని ఉంది. అమెరికా సైట్లలో రిఫాంపిన్. మధ్యలో రిఫాబ్యుటిన్, రిఫాపెంటిన్, రిఫాక్సిమిన్ అని ఇంకో ముగ్గురు అన్నదమ్ములు. "అన్నా, రెండూ ఒకటేనా? ఒక అక్షరం తేడా అయినా మందు మారిపోతది కదా?" అన్నాడు. ప్రొడక్షన్‌లో ఒక వేరియబుల్ పేరులో ఒక అక్షరం పోతే ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. నాకూ ఖచ్చితంగా తెలియదు. ఫార్మసీలో అడిగి రూఢి చేసుకో అని చెప్పాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్ళాను. మాది దేవరకొండ అవతల, డిండి వాగుకు దగ్గర్లో. వాగుకి ఇటు నల్గొండ జిల్లా, అటు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక అటువైపు నాగర్‌కర్నూల్ అయింది. మా నాయనమ్మ 2007లో టీబీకి ఆర్నెల్లు మందులు వాడింది. అందుకని ఆమెనే అడిగాను. "మా ఆఫీసుల ఒకతనికి టీబీ మందు రాసిన్రు నాయనమ్మా, పేరు వేరే ఉన్నది, నువ్వు మింగింది అదేనా కాదా అని" అన్నాను.

నాయనమ్మకి చదువు రాదు. ఒక్కటే అడిగింది. "గా గోలీ ఏసుకున్నంక ఉచ్చ ఎర్రగొస్తుందా?"

వస్తుందని డాక్టర్ ముందే చెప్పింది వాడికి. కాంటాక్ట్ లెన్సులు కూడా పెట్టుకోవద్దంది, కన్నీళ్ళకి కూడా ఆ రంగు వచ్చి లెన్సులు పాడవుతాయట. వస్తుందన్నాను.

"గట్లయితె గదే ఎర్ర గోలి. నేను మింగిందే."

మన భాషలో దీన్ని డక్ టైపింగ్ అంటారు. బాతులాగా నడిచి, బాతులాగా అరిస్తే అది బాతే, పేరుతో పని లేదు. నాయనమ్మ చెప్పింది కరెక్టే అని మర్నాడు వాడి ఫార్మసిస్టు కూడా చెప్పాడు. రిఫాంపిసిన్, రిఫాంపిన్ రెండూ ఒకటే మందు. అప్పటినుంచి ఈ పేర్ల గొడవ నన్ను వదల్లేదు. చదివిందంతా ఒకచోట పెడదామని ఈ టపా.

ముందు రోగం పేరు సంగతి. క్షయ అంటే తరిగిపోవడం. రాజయక్ష్మ కథ అందరూ వినే ఉంటారు. చంద్రుడు 27 మంది భార్యల్లో రోహిణి దగ్గరే ఉండిపోతున్నాడని మామ దక్షుడు శపిస్తే రోజురోజుకీ క్షీణించిపోయాడు. ఆ రాజుకి వచ్చిన జబ్బు కాబట్టి రాజయక్ష్మ. గ్రీకుల థైసిస్ అన్నా కృశించిపోవడమే. ఇంగ్లీషువాళ్ళ పాతమాట కన్సంప్షన్, అంటే మనిషిని లోపల్నుంచి తినేసేది. నిజాం కాలంలో మా వైపు సర్కారు భాష ఉర్దూ. అందులో తపేదిఖ్. తప్ అంటే జ్వరం, దిఖ్ అంటే సన్నబడటం. ఒకరికొకరు సంబంధం లేని ఇన్ని భాషలవాళ్ళు ఒకే లక్షణం చూసి పేరు పెట్టారు. వాళ్ళందరి కంటికీ కనిపించింది సన్నబడిపోతున్న మనిషి. కారణం ఎవరికీ తెలియదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ ఆ క్రిమిని చూపించేదాకా తెలియలేదు.

ఇంకో విషయం. మన తెలుగు సంవత్సరాలు 60 ఉన్నాయి కదా, ప్రభవతో మొదలై. చివరిదాని పేరు క్షయ. కానీ మన పంచాంగాల్లో చాలావాటిలో దాన్ని అక్షయ అనే రాస్తారు. ఉగాది పూట క్షయ అనే మాట ఎవరి నోటా రావడం ఇష్టం లేదు మనకి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు మందుల పేర్లు. టీబీ మీద గట్టిగా పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్రవాడు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి నుంచి తీశాడు. అప్పటికి ఇంకా పీహెచ్‌డీ స్టూడెంట్, వయసు 23. జీవి పేరు మీదే మందు పేరు. మనకి తెలిసిన సగం మందుల చివర మైసిన్ అని ఉండటానికి ఆ కుటుంబమే కారణం. 1952లో నోబెల్ మాత్రం అతని గైడు సెల్మన్ వాక్స్‌మన్‌కి ఒక్కడికే ఇచ్చారు. అంతకుముందే 1950లో షాట్జ్ కోర్టుకెక్కి సహ ఆవిష్కర్తగా గుర్తింపు తెచ్చుకున్నాడు, అయినా నోబెల్ కమిటీకి పట్టలేదు. తెలుగులో పేరు అంటే గుర్తింపు కూడా కదా. మనం కోడ్ రాస్తే మేనేజర్ పేరుతో డెమో వెళ్ళడం లాంటిదే :)

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. టీబీ మందు ఐసోనియాజిడ్‌ని మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కనిపెట్టారని ఏటా ఆయన జయంతికి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ పదార్థాన్ని 1912లోనే ప్రాగ్‌లో తయారుచేశారు, అది టీబీకి పనికొస్తుందని 1952లో మూడు కంపెనీలు దాదాపు ఒకేసారి బయటపెట్టాయి. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే పోయారు. అయితే ఆయన పరిశోధన విభాగాన్ని నడిపించిన లెడర్లీ కంపెనీ నుంచే తర్వాత టీబీ మందులు పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ వచ్చాయి. భీమవరం నుంచి వెళ్ళి అలాంటి చోటుని నిలబెట్టిన మనిషికి, చేయని పని అంటగట్టాల్సిన అవసరం ఏముంది? చేసినవే చాలా ఉన్నాయి.

స్ట్రెప్టోమైసిన్ దగ్గరికి వస్తే, 1948లో బ్రిటన్‌లో 107 మంది రోగుల మీద దాన్ని పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. ఎవరికి మందు, ఎవరికి ఉత్త విశ్రాంతి అనేది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఇప్పుడు ప్రతి మందుకీ జరిగే ట్రయల్స్‌కి అదే నమూనా. 6 నెలలకి మందు తీసుకున్న 55 మందిలో నలుగురు పోయారు, తీసుకోని 52 మందిలో 14 మంది పోయారు. అద్భుతం కదా? కానీ తర్వాతి ఏళ్ళలో ఆ తేడా చాలా తగ్గిపోయింది. క్రిమి మందుకి అలవాటుపడిపోయింది.

ఇక్కడ మా తాత కథ చెప్పాలి. పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా మహబూబ్‌నగర్ జిల్లా వాళ్ళుంటారు. వాగుకి ఇవతల ఉన్న మా దేవరకొండ వాళ్ళూ అదే బాట. తాత ఒక ముఠాతో బొంబాయి వెళ్ళి బిల్డింగుల పని చేశాడు. ఒక్క రూములో పదిమంది పడుకునేవాళ్ళట. దగ్గుతో తిరిగొచ్చాడు. ఇంట్లో దాన్ని దమ్ము అన్నారు. ఊళ్ళో ఎవరడిగినా దమ్మే. పట్నంలో ఒక డాక్టర్ రోజూ సూది వేయించుకోమన్నాడు, అది స్ట్రెప్టోమైసిన్ అని నాకు పాత చీటీ చూస్తే తెలిసింది. దానితోపాటు గోలీలు కూడా. రెండు నెలలకి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ఒళ్ళు వచ్చింది. దమ్ము తగ్గిపోయింది కదా అని మళ్ళీ బొంబాయి బండెక్కాడు. తిరిగి దగ్గొచ్చినప్పుడు ఆ సూది పనిచేయలేదు. 1994లో పోయాడు. నేను ఆయన్ని చూడలేదు.

దమ్ము అనుకున్నవాడు దమ్ము తగ్గితే మందు ఆపేస్తాడు, అందులో తప్పు లేదు. టీబీ అని పేరు పెట్టి, దగ్గు తగ్గినా క్రిమి చావదు అని ఎవరో ఒకరు చెప్పి ఉంటే ఆగేవాడేమో.

ఎందుకు ఒక మందు సరిపోదు, ఎందుకు అన్ని నెలలు అనేది మన లెక్కల్లోనే అర్థమవుతుంది. ఐసోనియాజిడ్‌ని తట్టుకునే క్రిమి సుమారు 10 లక్షల్లో ఒకటి దానంతటదే పుడుతుంది. రిఫాంపిసిన్‌ని తట్టుకునేది సుమారు 10 కోట్లలో ఒకటి. ముదిరిన రోగి ఊపిరితిత్తిలో 10 కోట్ల క్రిములుండటం పెద్ద విషయం కాదు. కాబట్టి ఒక్క మందే వేస్తే, తట్టుకున్న ఆ కొన్ని క్రిములు మిగిలి, అవే మళ్ళీ పెరుగుతాయి. రెండూ కలిపి వేస్తే రెంటినీ తట్టుకునే క్రిమి పుట్టాలంటే సంభావ్యతలు గుణించాలి. ఒకటి పక్కన 14 సున్నాలు, అన్నిట్లో ఒకటి. సర్వర్ పడిపోకుండా రెండోది పెట్టుకుంటాం చూడండి, అదే ఐడియా. మా తమ్ముడి లాంటి వాళ్ళ ఒంట్లో నిద్రపోయే క్రిములు బాగా తక్కువ కాబట్టే వాళ్ళకి ఒక్క మందు చాలు.

ఇక మన ఎర్ర గోలీ పుట్టుక. 1957లో దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరంలో, సెయింట్ రఫాయెల్ అనే ఊరి దగ్గర పైన్ చెట్ల అడవిలోంచి కాస్త మట్టి ఇటలీలోని మిలాన్‌కి చేరింది. లెపెటీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో పియెరో సెన్సీ, మరియా తెరెసా తింబాల్ బృందం అందులో ఒక కొత్త బాక్టీరియాని, అది తయారుచేసే కొత్త పదార్థాల్ని పట్టుకున్నారు. పేరేం పెట్టాలి? అప్పట్లో రిఫిఫీ అనే ఫ్రెంచ్ సినిమా పెద్ద హిట్. 1955లో వచ్చింది, దర్శకుడు జూల్స్ డాసిన్. నగల షాపు దోపిడీ కథ. అరగంటసేపు ఒక్క మాట, సంగీతం లేకుండా దొంగతనం సీన్ నడుస్తుంది. ఇప్పటికీ దోపిడీ సినిమాలు తీసేవాళ్ళు దాని దగ్గరే నేర్చుకుంటారు. రిఫిఫీ అంటే ఫ్రెంచ్ వీధిభాషలో కొట్లాట. ల్యాబ్ జనాలు సరదాగా ఆ పేరే పెట్టేశారు. మొదట రిఫోమైసిన్, తర్వాత రిఫామైసిన్. మన ల్యాబ్‌లో ఎవరైనా మందు కనిపెట్టి పోకిరిమైసిన్ అన్నట్టు!

ఆ మొదటి పదార్థాలు నోటిద్వారా వేసుకుంటే పెద్దగా పనిచేసేవి కావు. ఏళ్ళ తరబడి అణువుని అటూ ఇటూ మార్చి, 1965లో నోటితో మింగగలిగేది సాధించారు. దానికి తగిలించిన అమైనోమిథైల్ పైపరజీన్ ముక్కలోంచి ఆంప్ తీసుకుని రిఫ్, ఆంప్, ఇసిన్ కలిపితే రిఫాంపిసిన్. 1968లో ఇటలీలో అమ్మకానికొచ్చింది, 1971లో అమెరికాలో అనుమతి దొరికింది. దొంగల సినిమా పేరు పెట్టుకున్న మందు దొంగ లాగే పనిచేస్తుంది. క్రిమి లోపల ఆర్‌ఎన్‌ఏ రాసే యంత్రం ఒకటుంటుంది. ఇది వెళ్ళి ఆ యంత్రానికి అడ్డంగా కూర్చుంటుంది. డీఎన్‌ఏ కోడ్ అలాగే ఉంటుంది, రన్ అవ్వదు. సగం నిద్రలో ఉండి అప్పుడప్పుడు లేచే క్రిముల్ని కూడా చంపగలదు కాబట్టే, ఏడాదీ ఏడాదిన్నర వాడాల్సిన వైద్యం పైరజినమైడ్ తోడుతో 6 నెలలకి దిగింది.

మరి రెండు పేర్లెందుకు? ఒకే మందుని దేశానికో పేరుతో పిలుస్తుంటే గందరగోళమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో ఉమ్మడి పేర్ల పద్ధతి పెట్టింది, 1953లో మొదటి జాబితా వచ్చింది. ఆ జాబితా ప్రకారం రిఫాంపిసిన్. అమెరికాకి సొంత కమిటీ ఉంది, వాళ్ళు రిఫాంపిన్ అన్నారు. పారాసిటమాల్ అడిగితే అమెరికా మందుల షాపులో తెల్లమొహం వేయడం, ఎసిటమినోఫెన్ అంటే ఇవ్వడం మనలో చాలామందికి అనుభవమే కదా, అదే తంతు. స్పెయిన్‌లో రిఫాంపిసీనా, పుట్టిన ఇటలీలో రిఫాంపిచీనా, రష్యాలో రిఫాంపిత్సీన్. చైనా వాళ్ళు లీ ఫూ పింగ్ అన్నారు. శబ్దం కలిసేలాగే ఎంచుకున్నారు కానీ ఆ మూడు అక్షరాలకి వరసగా లాభం, భాగ్యం, శాంతి అని అర్థాలొస్తాయి. డాక్టర్లయితే ఇంత కష్టం లేకుండా ఒక్క అక్షరం రాస్తారు, ఆర్. ఐసోనియాజిడ్‌కి హెచ్, పైరజినమైడ్‌కి జెడ్, ఇథాంబ్యుటాల్‌కి ఈ.

మా ఊళ్ళో మాత్రం ఎర్ర గోలీ. 2007లో నాయనమ్మకి దగ్గు మొదలైనప్పుడు తాత సంగతి గుర్తొచ్చి మా నాయన ఆలస్యం చేయలేదు, తెమడ పరీక్ష చేయించాడు. అప్పటికి డాట్స్ పద్ధతి దేశమంతా వచ్చేసింది, 2006 మార్చికల్లా అన్ని జిల్లాలకీ చేరింది. ఆ పద్ధతిలో ఒక్కో రోగికి మొత్తం కోర్సు ఒక డబ్బాలో పెట్టి, దాని మీద ఆ మనిషి పేరు రాసేవాళ్ళు. కొత్త రోగులకి ఎర్ర డబ్బా, మధ్యలో ఆపేసి మళ్ళీ వచ్చినవాళ్ళకి నీలం డబ్బా. నాయనమ్మది ఎర్ర డబ్బా. అప్పట్లో వారానికి మూడు రోజులే మింగేది. ఇప్పుడు ఆ పద్ధతి లేదు, 2017 నుంచి రోజూ వేసుకునే కలిపిన గోలీలకి మార్చారు.

మొదటి రోజే ఉచ్చ ఎర్రగా వచ్చింది. రక్తం పడుతోందని నాయనమ్మ ఏడుపు. ఇక మింగను అని కూర్చుంది. గోలీలు మింగించే అక్క వచ్చి, "రక్తం కాదవ్వా, గోలీ రంగు. ఎర్రగొస్తే గోలీ పనిచేస్తున్నట్టే. రాకుంటే నువ్వు మింగలేదని నాకు ఎరుకైతది" అని నవ్వింది. ఆ ఒక్క మాటతో నాయనమ్మ ఆర్నెల్లు లెక్క తప్పకుండా మింగింది. నేను అప్పుడు ఐదో తరగతి. డబ్బా మీద నాయనమ్మ పేరు చదివి వినిపించడం నా డ్యూటీ. తన పేరు అచ్చంగా రాసి, తన కోసం సర్కారు పంపిన వస్తువు అదొక్కటే అని ఆమె మురిసిపోయేది. ఖాళీ డబ్బాలో పోపు గింజలు పోసుకుంది.

తాతకి, నాయనమ్మకి మధ్య మందులు మెరుగయ్యాయి, నిజమే. కానీ రిఫాంపిసిన్ అమ్మకానికొచ్చి తాత చనిపోయేనాటికి 26 ఏళ్ళు. మందు లేకపోవడం కాదు అసలు తేడా. నాయనమ్మకి రోగం పేరు చెప్పారు, ఎన్నాళ్ళు మింగాలో చెప్పారు, ఎర్రగా ఎందుకొస్తుందో చెప్పారు. తాతకి దమ్ము అని చెప్పారు.

కోర్సు మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మొండివవుతాయి. రిఫాంపిసిన్‌ని తట్టుకునే శక్తి దాదాపు అంతా ఒకే జన్యువులోని 81 అక్షరాల ముక్కలో మార్పుల వల్లే వస్తుంది. 2010 నుంచి వాడుకలో ఉన్న జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం తెమడలో ఆ 81 అక్షరాల్నే చదివి, రెండు గంటల్లోపు చెప్పేస్తుంది. అంత చిన్న తేడా మీద మనిషి ప్రాణం ఆధారపడింది. మందుల పేర్లకి ప్రపంచ కమిటీలున్నాయి. రోగుల లెక్కకి 2012లో మన ప్రభుత్వం పెట్టిన సాఫ్ట్‌వేర్ ఉంది, దాని పేరు నిక్షయ్. క్షయ లేకుండా చేసేది అని. పేరు బాగుంది. కానీ ఆ క్షయ అనే మాట ఇంట్లో పలకడానికి మనకే నోరు రాదు. సంవత్సరం పేరునే అక్షయ చేసుకున్నవాళ్ళం కదా.

మావాడి సంగతే చూడండి. ఇంజినీరింగ్ చదివాడు, పెద్ద యూనివర్సిటీలో ఉన్నాడు, రోగం కూడా లేదు. అయినా "ఇంట్లో చెప్పకు, సంబంధాలు చూస్తున్నరు" అనే మొదటి మాట. బొంబాయి నుంచి వచ్చిన తాతకి దమ్ము, అమెరికా వెళ్ళిన మనవడికి విటమిన్ గోలీలు. రూమ్మేట్లకి అలా చెప్పాడట.

అన్నట్టు, నాయనమ్మ దగ్గర నా అబద్ధం చెల్లలేదు. "మీ ఆఫీసుల ఒకతను" అన్నాను కదా, ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సు దాకా వచ్చి, "పిల్లగానికి చెప్పు, ఒక్క దినం గూడ ఇడువొద్దని. మీ తాత ఇడిసిండు" అంది. అంతే, ఎవరా పిల్లగాడు అని అడగలేదు.

వాడికి చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వాడే నాయనమ్మకి వీడియో కాల్ చేసి చెప్పుకున్నాడు. అప్పటినుంచి రోజూ వాడికి పొద్దున, ఇక్కడ సాయంత్రం, వాడు ఫోన్ ముందు గోలీ మింగడం, నాయనమ్మ చూడటం. వాళ్ళిద్దరిదీ సొంత డాట్స్. మొన్న సంక్రాంతి దాటాక 4 నెలలూ పూర్తయ్యాయి. చిన్నాయన వాళ్ళకి మాత్రం ఇంకా చెప్పలేదు.

రెండు వారాలకి మించి దగ్గు ఉంటే, మీకైనా, మీ ఇంట్లో పనిచేసే వాళ్ళకైనా, మీ అపార్ట్‌మెంట్ పక్కన బిల్డింగ్ కట్టే మావైపు వాళ్ళకైనా, తెమడ పరీక్ష చేయించండి. సర్కారు దవాఖానాలో పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. వచ్చిందేదో దాని పేరు పెట్టే చెప్పండి.

ఇదంతా రాయడానికి మావాడు ఒప్పుకున్నాడు. పేరు మాత్రం రాయొద్దన్నాడు. రాయలేదు.